ఆటో ట్యూన్ నొక్కే ముందు వాల్వ్ చూడండి

ఫ్యాక్టరీలో కొత్త లైన్ మొదలయ్యేటప్పుడు అందరూ ఏఐ గురించే అడుగుతారు. లేదంటే కంట్రోలర్ తన సెట్టింగులను తానే వెతుక్కునే ఆటో ట్యూన్ బటన్ నొక్కేస్తారు. నేను మాత్రం నేరుగా వాల్వ్ దగ్గరికి వెళ్తాను. కింద పీఐడీ లూప్ (వేడి లాంటి కొలతను చూస్తూ, అది కావాల్సిన చోటే ఉండేలా వాల్వ్‌ని సర్దే కంట్రోలర్ ఏర్పాటు) ఊగుతుంటే పైన ఎంత తెలివైన సాఫ్ట్‌వేర్ పెట్టినా అది చేయగలిగేది ఏమీ ఉండదు.

ముందుగా ఆపరేటర్‌కి చెప్పి లూప్‌ని మాన్యువల్‌లో పెట్టండి. ఇంటర్‌లాక్‌ల (ప్రమాదం రాకుండా అడ్డుకునే రక్షణల) జోలికి మాత్రం వెళ్లొద్దు. పాత సెట్టింగులు రాసిపెట్టుకోండి. ట్రాన్స్‌మిటర్ (కొలతను కరెంటు రూపంలో పంపే పరికరం) 4–20 మిల్లీఆంప్స్‌దైతే రేంజిలో సగానికి 12 రావాలి. సున్నా వస్తే వైరు తెగిందనో, సప్లై పోయిందనో అర్థం. లెక్క 4 నుంచి మొదలుపెట్టడం వల్లే ఆ తేడా తెలుస్తుంది.

ఇప్పుడు కంట్రోలర్ వాల్వ్‌కి పంపే ఔట్‌పుట్‌ని ఒక్కో శాతం పెంచుతూ వాల్వ్ స్టెమ్‌ని, అంటే కదిలే కడ్డీని, కళ్లారా చూడండి. స్క్రీన్‌ని నమ్మొద్దు. రెండు మూడు శాతం దాకా కదలకుండా ఉండి, ఒక్కసారిగా దూకితే వాల్వ్ పట్టేస్తోందన్నమాట. ప్యాకింగ్ (స్టెమ్ చుట్టూ లీకు ఆపే సీలు) మరీ బిగుసుకుందేమో, పొజిషనర్ (వాల్వ్‌ని చెప్పిన చోటికి జరిపే పరికరం) సరిగా ఉందో లేదో చూడాలి. ఈ జబ్బు ట్యూనింగ్‌తో పోదు. చాలామంది ఇక్కడే గెయిన్ (తేడాకి కంట్రోలర్ ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే సెట్టింగు) తిప్పుతూ రోజులు పోగొట్టుకుంటారు, చూస్తే బాధేస్తుంది.

వాల్వ్ బాగుంటే స్టెప్ టెస్ట్ చేయండి. 0–200 డిగ్రీల రేంజి ఉన్న ఓవెన్‌లో ఔట్‌పుట్‌ని 40 నుంచి 50 శాతానికి మార్చితే, వేడి 120 నుంచి 140కి చేరి నిలబడిందనుకోండి. 20 డిగ్రీలంటే రేంజిలో 10 శాతం. ఔట్‌పుట్ కూడా 10 శాతమే మారింది కాబట్టి ప్రాసెస్ గెయిన్ 1. వేడి కదలడానికి పట్టిన 20 సెకన్లు డెడ్ టైమ్. అక్కడి నుంచి మార్పులో 63 శాతం, అంటే 132.6 డిగ్రీలు, చేరడానికి పట్టిన 120 సెకన్లు టైమ్ కాన్‌స్టంట్.

లూప్ ఎంత వేగంగా స్పందించాలో మీ ఇష్టం. నేను డెడ్ టైమ్‌కి మూడు రెట్లు, ఇక్కడ 60 సెకన్లు తీసుకుంటాను. 120ని 60, 20ల మొత్తంతో భాగిస్తే కంట్రోలర్ గెయిన్ 1.5. (ప్రాసెస్ గెయిన్ 1 కాకపోతే దానితోనూ భాగించాలి.) ఇంటిగ్రల్ టైమ్ (మిగిలిన తేడాని ఎంత వేగంగా సరిచేయాలో చెప్పేది) టైమ్ కాన్‌స్టంట్ అంతే, 120 సెకన్లు. డెరివేటివ్ (మార్పు వేగానికి స్పందించే భాగం) సున్నా.

యూనిట్లు తప్పక చూసుకోండి. కొన్ని కంట్రోలర్లు ఇంటిగ్రల్‌ని నిమిషాల్లో అడుగుతాయి, అప్పుడు 2 వేయాలి. గెయిన్ బదులు ప్రపోర్షనల్ బ్యాండ్ (100ని గెయిన్‌తో భాగిస్తే వచ్చేది) అడిగితే 66.7 శాతం.

లూప్‌ని ఆటోలో పెట్టి సెట్‌పాయింట్‌ని, అంటే కావాల్సిన వేడిని, ఐదు డిగ్రీలు జరపండి. తర్వాత లోడ్ మారినప్పుడు ఎలా సర్దుకుంటుందో గమనించండి. అన్ని షిఫ్టుల్లోనూ ట్రెండ్ ఊగకుండా ఉంటేనే సెట్‌పాయింట్‌ని పై సాఫ్ట్‌వేర్‌కి అప్పగించండి.