మొగి పురుగు తల్లిని లైటు కాడే గుర్తుపట్టండి

వరిలో తెల్ల కంకులు కనపడ్డాక మందు షాపుకి పరిగెడితే లాభం లేదండి, అప్పటికే మొగి పురుగు, అంటే కాండం తొలిచే పురుగు, లోపల దూరి తినీసి ఉంటాది, పైన ఏం కొట్టినా దానికి తగల్దు. చూడాల్సింది దాని తల్లిని, రెక్కల పురుగుని, అదీ ఉభాలు (నాట్లు) అయిన రెండు మూడు వారాల నించే.

సాయంత్రం ఏడు దాటాక కళ్లంలోనో వీధరుగు మీదో బల్బు చుట్టూ చూడండి. ఎండుగడ్డి లాంటి పసుపు రెక్కలు, ముందు రెక్కకి సరిగ్గా మధ్యలో ఒకే నల్ల చుక్క కాటుకతో పెట్టినట్టు ఉంటే అది ఆడది. మగది కాస్త చిన్నది, గోధుమ రంగు, చుక్క అంత తెలీదు. రెక్కల మీద వంకర గీతలుంటే అది ఆకుముడత పురుగు తల్లి, దాని కథ వేరు. మా నాన్న లింగాకర్షక బుట్టలో పడినవాటిని చూసి "ఇవి మొగివి కావురా, పసుపేదీ" అన్నాడు, కానీ అందులో పెట్టేది ఆడదాని వాసన కాబట్టి వచ్చినవన్నీ మగవే, పసుపువి అందులో పడవు.

లైటు కాడ బాగా వాలిన రోజు క్యాలెండర్‌లో రాసీండి, అసలు లెక్కంతా అక్కణ్ణించే. ఆడది రాత్రిపూట ఆకు కొస దగ్గర గుడ్లు కుప్పగా పెట్టి తన తోక వెంట్రుకలతోనే కప్పీస్తాది, చూస్తే గోధుమ రంగు బూజు ముద్దలా ఉంటాది, 5 నించి 8 రోజుల్లో పగుల్తాయి. పిల్లలు దారం పట్టుకుని గాలికి ఊగి పక్క దుబ్బుకి పోయి కాండంలో దూరతాయి, మీకు దొరికే టైము ఆ కాస్తే. చదరపు మీటరుకి ఒక తల్లి గానీ ఒక గుడ్ల ముద్ద గానీ కనపడితే మందు కొట్టడానికి ఇంక ఆలోచించొద్దు.

లోపల నెల దగ్గర తిని కాండం మొదట్లోనే గూడు కట్టి, వారం పది రోజులకి మళ్లీ రెక్కలతో వస్తాది. మొవ్వ ఎండితే పట్టి లాగండి, ఊరికే ఊడొస్తే అది మొగి పురుగు పనే.

నారు పీకి నాటేముందు కొసలు తుంచీండి, గుడ్లు అక్కడే పోతాయి. మన వైపు కోతకి ముందే మినుము చల్లీస్తాం కాబట్టి దుబ్బులు దున్నడం కుదరదు, అందుకే కోత నేలకి ఆనించి కోయమనండి, పొడుగ్గా వదిలీసిన దుబ్బుల్లోనే పురుగు దాక్కుంటాది, మిషను కోత అయితే మరీను.