బోనెట్ కింద ఎయిర్ కంప్రెసర్ బిగించే పద్ధతి

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వైపు వచ్చాక తారు రోడ్డు వదిలితే ఎర్రమట్టి, గుండ్రాళ్లు, గెడ్డలు. టైర్లలో గాలి 18 పీఎస్‌ఐ దాకా దించితేనే బండికి పట్టు దొరుకుతుంది. మళ్లీ తారు మీదికొచ్చాక 32కి నింపకుండా తోలితే టైరు వేడెక్కి పక్కగోడ పాడవుతుంది. గాలి కొట్టే షాపు పొట్టంగిలోనో సెమిలిగుడలోనో ఉంటుంది, మీరేమో అడవిలో ఉంటారు. అందుకే కంప్రెసర్ బండిలోనే ఉండాలి.

ఎంత పెద్దది కొనాలో లెక్క వేసుకోండి. 245/75 ఆర్16 టైరులో సుమారు 70 లీటర్ల ఖాళీ ఉంటుంది. 14 పీఎస్‌ఐ పెంచాలంటే దాదాపు 67 లీటర్ల బయటి గాలి లోపలికి పోవాలి. నాలుగు టైర్లకు 270 లీటర్లు. నిమిషానికి 50 లీటర్లు ఇచ్చే సింగిల్ మోటారు ఆరు నిమిషాల్లోపే పని ముగిస్తుంది. చాలామందికి ఇది చాలు. టైర్లకు మాత్రమే అయితే గాలి ట్యాంకు కూడా అనవసరం.

కంప్రెసర్ పెట్టే చోటు విషయంలో తొందరపడొద్దు. సైలెన్సర్ మానిఫోల్డ్‌కి, టర్బోకి దూరంగా, గెడ్డ దాటేటప్పుడు నీళ్లు అందని ఎత్తులో, బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. ముందు అట్టముక్క కత్తిరించి పెట్టి చూసి, బోనెట్ మూసి తగలడం లేదని తేల్చుకున్నాకే వెల్డింగ్ షాపుకి వెళ్లండి. బ్రాకెట్‌కి 4 మిల్లీమీటర్ల ఇనుప ప్లేటు, ఎం8 బోల్టులు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకు వదులు కానివి), వెడల్పు వాషర్లు, మధ్యలో రబ్బరు బుష్‌లు వాడండి. పల్చటి రేకుకి బిగిస్తే గుంతల్లో రేకే చీలుతుంది. బండి మీదే వెల్డింగ్ పెట్టాల్సి వస్తే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. చిల్లులు పడిన చోట ప్రైమరు పూయకపోతే ఒక్క వానాకాలంలోనే తుప్పు పడుతుంది.

కంప్రెసర్లు పాడయ్యేది ఎక్కువగా వైరింగ్ వల్లే. సింగిల్ మోటారు 25 నుంచి 30 ఆంపియర్లు లాగుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే, రానుపోను 4 మీటర్లకు 30 ఆంపియర్ల దగ్గర 0.9 వోల్టు వైరులోనే పోతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే పోయేది 0.4 లోపే. వోల్టేజి తగ్గితే మోటారు నీరసిస్తుంది, ఒత్తిడి పెరిగినప్పుడు ఆగిపోతుంది. అలా ఆగిన మోటారు మామూలు కన్నా ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది.

1. బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలోపే 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. వైరు ఎక్కడ ఒరుసుకుని షార్ట్ అయినా మంట పుట్టకుండా ఆపేది అదే.
2. ఫ్యూజు నుంచి రిలే (సన్న వైరు కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) 30వ పిన్నుకి, 87 నుంచి మోటారుకి లాగండి. 85 ఎర్తుకి వెళ్తుంది.
3. 86కి వచ్చే సన్న వైరు మీదే స్విచ్చు, ప్రెషర్ స్విచ్చు (ఒత్తిడి నిండగానే మోటారును ఆపేది) వరసగా రావాలి. మోటారు కరెంటంతా ప్రెషర్ స్విచ్చు గుండా పోనిస్తే దాని పాయింట్లు అతుక్కుపోతాయి.
4. స్విచ్చుకి కరెంటు తాళం తిప్పితేనే వచ్చే ఫ్యూజు నుంచి తీసుకోండి. లేకపోతే చిన్న లీకున్నా రాత్రంతా మోటారు ఆగుతూ తిరుగుతూ ఉంటుంది, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.
5. ఎర్తు నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే ఇవ్వండి. నెగటివ్ టెర్మినల్ మీద కరెంటు కొలిచే సెన్సర్ ఉన్న బండ్లలో మాత్రం రంగు గీకిన ఛాసిస్ పాయింటుకి ఇవ్వాలి.

ట్విన్ మోటారైతే ఒక్కో మోటారుకీ వేరే ఫ్యూజు, వేరే రిలే.

ఇక గాలి దారి. కంప్రెసర్ నోట్లోంచి వచ్చే గాలి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. నీలం పీయూ (ప్లాస్టిక్) పైపు నేరుగా అక్కడ తగిలిస్తే మెత్తబడి ఊడి వస్తుంది. మొదటి అర మీటరు స్టీలు అల్లిక ఉన్న టెఫ్లాన్ హోస్ తప్పనిసరి. ఫిట్టింగులు కొనేటప్పుడు మర ఏ రకమో చూసుకోండి. బయటి దేశాల కిట్లలో తరచుగా ఎన్‌పీటీ మర వస్తుంది, మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికేది ఎక్కువగా బీఎస్‌పీ. పావు అంగుళం సైజులో ఎన్‌పీటీకి అంగుళానికి 18 మరలు, బీఎస్‌పీకి 19. ఒకదాన్ని మరోదాంట్లో తిప్పితే రెండు మూడు చుట్లు చక్కగా ఎక్కి, తర్వాత బిగుసుకుంటుంది. అప్పుడు బలం పెట్టి తిప్పితే అల్యూమినియం మర పోతుంది, టేపు ఎంత చుట్టినా లీకు ఆగదు.

టెఫ్లాన్ టేపు బిగించే దిశలోనే మూడు నాలుగు చుట్లు చుట్టండి. కొసన ఉన్న మొదటి మరను ఖాళీగా వదలండి. దాని మీద కూడా చుడితే తెల్లటి పీలిక తెగి లోపలికి పోయి వాల్వులో ఇరుక్కుంటుంది, అప్పటి నుంచి గాలి వెనక్కి కారుతుంది.

బిగించాక ఇంజను స్టార్ట్ చేసి, కంప్రెసర్ ఆన్ చేసి, మల్టీమీటరుతో బ్యాటరీ దగ్గరా మోటారు దగ్గరా వోల్టేజి చూడండి. తేడా అర వోల్టు దాటితే ఏదో ఒక లగ్గు (వైరు కొసన బిగించే రింగు) వదులుగా ఉందన్నమాట. ప్రెషర్ స్విచ్చు మోటారును ఆపాక ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు రాసి బుడగలు చూడండి. తర్వాత ఇంజను ఆపి అరగంట వదిలేయండి. గేజి ముల్లు దిగకపోతే పని సరిగా జరిగినట్టే.

వాడేటప్పుడు ఇంజను నడుస్తూనే ఉండాలి. డ్యూటీ సైకిల్ 50 శాతం అని రాసి ఉంటే ఎంతసేపు నడిపారో అంతసేపు ఆపాలి. 1,672 మీటర్ల ఎత్తున్న దేవమాలి కొండ మీద గాలి పలచన కాబట్టి టైరు నిండటానికి ఎక్కువసేపు పడుతుంది. అక్కడ గేజిలో 30 చూపిన టైరు విశాఖ తీరానికి దిగేసరికి, వేడి తేడా లేకపోయినా, 27కి కాస్త పైన చూపుతుంది. కాబట్టి కిందికి దిగాక మరోసారి కొలవండి. ఎర్రదుమ్ములో తిరిగి వచ్చిన ప్రతిసారీ గాలి ఫిల్టరు విప్పి దులపండి. అది మూసుకుపోతే మోటారు మోత మామూలుగానే వినిపిస్తుంది, టైరు మాత్రం నిండదు.