గజ్జ హెర్నియా ఆపరేషన్‌కు కోడ్ వేయడం ఎలా?

కాకతీయ యూనివర్సిటీ పరిధిలో బీఎస్సీయో బీఫార్మసీయో పూర్తిచేసి, హనుమకొండలోనో అమీర్‌పేటలోనో మెడికల్ కోడింగ్ (బిల్లు కోసం జబ్బుకు, చికిత్సకు కోడ్‌లు వేసే పని) నేర్చుకునేవారిని సర్జరీ అధ్యాయంలో తడబడేలా చేసేవాటిలో గజ్జ హెర్నియా (గజ్జల్లో బలహీనపడ్డ చోటు నుంచి పేగులాంటిది బయటకు ఉబకడం) ఒకటి. ఆరోగ్యశ్రీలో చికిత్సకు ప్యాకేజీ ధర ఉంటుంది. మన కోడర్లలో ఎక్కువమంది చూసే అమెరికా క్లెయిముల్లో (బీమా సంస్థలకు పంపే బిల్లుల్లో) మాత్రం ఒకే హెర్నియాకు సర్జన్ రాసిన నోట్‌లోని ఒక్క మాటతో కోడ్ మారిపోతుంది.

అందుకే ముందుగా ఆపరేషన్ నోట్‌ను మొదటి నుంచి చివరి దాకా చదవాలి. శీర్షిక చూసి కోడ్ వేస్తే క్లెయిమ్ తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. రోగి వయసెంత, కోసి చేశారా లేక లాపరోస్కోపీతోనా (చిన్న రంధ్రాల్లోంచి కెమెరా సాయంతో), హెర్నియా మొదటిసారి వచ్చిందా లేక తిరగబెట్టిందా, లోపలికి నెడితే వెళ్లేదా లేక ఇరుక్కుపోయిందా అనే నాలుగు విషయాలను నోట్‌లో గుర్తించాలి.

తరువాత సీపీటీ కోడ్, అంటే ఆపరేషన్‌ను తెలిపే కోడ్ ఎంచుకోవాలి. ఐదేళ్లు నిండినవారికి మొదటిసారి కోసి చేసిన ఆపరేషన్‌లో, నెడితే వెళ్లే హెర్నియాకు 49505, ఇరుక్కుపోయినా రక్తప్రసరణ ఆగినా 49507 వేయాలి. తిరగబెట్టినదైతే వయసుతో పనిలేకుండా 49520, అది ఇరుక్కుపోతే 49521. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు 49500, 49501 ఉన్నాయి. పసికందులకు 49491 నుంచి 49496 వరకు వేరే వరుస ఉంది. లాపరోస్కోపీలో ఇంత వివరం లేదు: మొదటిసారికి 49650, తిరగబెట్టినదానికి 49651, అంతే. రోబోతో చేసినా ఇవే కోడ్‌లు. లాపరోస్కోపీతో మొదలుపెట్టి మధ్యలో కోసి పూర్తిచేస్తే, కోసి చేసినదానికే కోడ్ వేయాలి.

ఎక్కువమంది పొరబడేది తిరగబెట్టిన హెర్నియా దగ్గరే. ఉదాహరణకు 62 ఏళ్ల రోగికి కుడివైపు హెర్నియా సరిచేసినట్టు శీర్షికలో ఉంటుంది. మూడో పేరాలో మాత్రం పాత మచ్చ కణజాలాన్ని విడదీసి, గతంలో అమర్చిన మెష్‌ను (బలహీనపడ్డ చోట వేసే వలలాంటి ముక్కను) పక్కకు తప్పించినట్టు సర్జన్ రాస్తారు. ఇది తిరగబెట్టినదేనని మనకు అనిపించినంత మాత్రాన 49520 వేయకూడదు; రోగి పూర్వచరిత్ర చూసి, అక్కడా స్పష్టంగా లేకపోతే వివరణ కోరుతూ సర్జన్‌కు క్వెరీ పంపాలి. అలాగే గతంలో ఎడమవైపు ఆపరేషన్ జరిగి ఇప్పుడు కుడివైపు వస్తే, అది కుడివైపుకు మొదటిసారే.

గజ్జ హెర్నియాలో మెష్ అమర్చినందుకు విడిగా కోడ్ ఉండదు. వీర్యనాళికల తాడు దగ్గరి కొవ్వుగడ్డను అదే కోతలో తీసినా దానికుండే 55520 కోడ్ చేర్చకూడదు, ఎందుకంటే అది హెర్నియా ఆపరేషన్‌లోనే కలిసిపోతుంది.

ఇక జబ్బును తెలిపే ఐసీడీ-10-సీఎం కోడ్ వేయాలి. ఒకవైపు మాత్రమే ఉండి, అడ్డంకి గానీ కుళ్లు (గ్యాంగ్రీన్) గానీ లేకపోతే కె40.90, తిరగబెడితే కె40.91. ఇరుక్కుపోయినదానికి కె40.30, అడ్డంకితోపాటు కుళ్లు కూడా ఉంటే కె40.40 వైపే వెళ్లాలి. 49507 పక్కన కె40.90 కనిపిస్తే చెల్లింపు సంస్థ ప్రశ్నిస్తుంది, అడగడంలో తప్పూ లేదు. ఈ జబ్బు కోడ్‌లలో కుడి ఎడమల భేదం లేదు కాబట్టి ఆ సంగతిని సీపీటీ కోడ్‌కు జోడించే ఆర్‌టీ (కుడి), ఎల్‌టీ (ఎడమ) అనే మాడిఫయర్లే, అంటే అదనపు గుర్తులే చెప్పాలి. రెండువైపులా చేస్తే 50 మాడిఫయర్ జోడించి, జబ్బుకు కె40.20 వంటి కోడ్ ఎంచుకోవాలి.

సర్జన్ బిల్లు వెళ్లే సీఎంఎస్-1500 ఫారంలో 21వ గడిలో జబ్బు కోడ్, 24డీలో ఆపరేషన్ కోడ్ రాసి, 24ఈలో ఆ రెంటినీ కలిపే అక్షరం ఇవ్వాలి. ఈ గడి చిన్నదే అయినా ఖాళీగా వదిలితే క్లెయిమ్ ముందుకు కదలదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ లెక్కలో కోసి చేసే ఈ ఆపరేషన్లకు 90 రోజుల గ్లోబల్ వ్యవధి (ఆపరేషన్ తర్వాతి మామూలు సంరక్షణ అదే బిల్లులో కలిసిపోయే కాలం) ఉంటుంది కాబట్టి కుట్లు చూసే మామూలు విజిట్‌లకు ఆ సర్జన్ విడిగా బిల్లు వేయకూడదు. ఆపరేషన్ అవసరమని ఆ రోజో ముందురోజో నిర్ణయించిన విజిట్‌కు మాత్రం 57 మాడిఫయర్‌తో వేయవచ్చు.