నడవలేని పిల్లికి స్పెషలిస్టు వైద్యం: ఖర్చు చూసుకుని ఎలా నిర్ణయించుకోవాలి?

వెనక కాళ్లు ఉన్నట్టుండి పడిపోయి, పాదాలు చల్లబడి, పిల్లి నొప్పితో అరుస్తుంటే ఇది చదవడం ఆపి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. కాళ్లకు వెళ్లే రక్తనాళంలో గడ్డ అడ్డుపడి ఉండొచ్చు. 24 గంటలుగా మూత్రం పోయకపోయినా అంతే. మిగతా రకాల కుంటుకు కింది వరుస పాటించండి.

1. ఫోన్‌లో వీడియో తీయండి. నడక, మెట్లు, ఎక్కడం, దూకి దిగడం అన్నీ ఉండాలి. క్లినిక్‌లో పిల్లి భయంతో ముడుచుకుపోతుంది, అక్కడ కుంటు సరిగా కనిపించదు.

2. రక్త పరీక్ష, ఎక్స్‌రే ఎప్పుడూ చూపించుకునే డాక్టరు దగ్గరే చేయించండి. మడమలు నేలకు ఆనించి నడిచే పిల్లికి షుగర్ ఉండొచ్చు. మెడ వాలిపోతే పొటాషియం తగ్గి ఉండొచ్చు. వీటికి ఎముకల స్పెషలిస్టు అక్కర్లేదు. ఈలోగా మనుషుల నొప్పి మాత్రలు మాత్రం వేయకండి. ఒక్క పారాసిటమాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

3. అందరూ తప్పు చేసేది ఇక్కడే. స్పెషలిస్టు ఎమ్మారై అనగానే తల ఊపేస్తారు. ఊపే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఇందులో ఏం తేలితే వైద్యం మారుతుంది?" ఏం తేలినా అవే మందులు, అదే విశ్రాంతి అయితే ఆ స్కాన్ వద్దు. పైగా దానికి మత్తు ఇవ్వాలి, ముసలి పిల్లికి అది చిన్న విషయం కాదు.

నేను ఒకసారి అడగకుండానే ఒప్పుకున్నాను. వెన్నులో ఆపరేషన్ చేయాల్సిన సమస్య తేలింది, కానీ చేతిలో ఉన్నదంతా స్కాన్‌కే అయిపోయింది. అప్పటినుంచి నా లెక్క ఒకటే: ఉన్న డబ్బులో సగానికి మించి పరీక్షలకు పోకూడదు.

ఎక్స్‌రేలో కీళ్లు అరిగాయని కనిపించినా వెంటనే నమ్మేయకండి. 12 ఏళ్లు దాటిన పిల్లుల్లో చాలావాటికి అది ఉంటుంది. కుంటుకు కారణం అదేనో కాదో డాక్టరు చేత్తో నొక్కి, కీలు ఆడించి చూసి చెప్పాలి. అరుగుదలే అంటే ఆయన రాసిన నొప్పి మందు కొన్ని వారాలు వాడి, మళ్లీ అదే చోట వీడియో తీసి పోల్చండి. ముగ్గురు డాక్టర్ల చుట్టూ తిరిగి ముగ్గురి దగ్గరా ఎక్స్‌రే తీయించడం కంటే ఇది వెయ్యి రెట్లు మేలు.

కానీ కాలి వేలు గట్టిగా నొక్కినా పిల్లికి నొప్పి తెలియడం లేదని డాక్టరు చెబితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. అక్కడ ప్రతి గంటా విలువైనదే.

4. చవక దారులు అడగండి. పశువైద్య కళాశాల ఆస్పత్రుల్లో తరచు తక్కువ తీసుకుంటారు. ఎక్స్‌రేలు పంపితే దూరం నుంచే చూసి చెప్పే స్పెషలిస్టులూ ఉన్నారు. తుంటి చెడితే కృత్రిమ కీలే పెట్టించనక్కర్లేదు. తొడ ఎముక పైతల తీసేసే ఆపరేషన్ చాలా చవక, తేలికైన పిల్లి ఒంటికి అది బాగానే సరిపోతుంది. కాలు తీసేయాలన్నా బెంబేలు పడకండి, మూడు కాళ్లతో చాలా పిల్లులు చక్కగా తిరుగుతాయి.

5. మొత్తం ఖర్చు అంచనాను కాగితం మీద రాయించుకోండి. కట్లు మార్చడం, మందులు, మళ్లీ చూపించుకోవడం, ఫిజియోథెరపీ అందులో లేకపోతే, అవి కూడా రాసిచ్చేదాకా సంతకం పెట్టకండి.