సలహాదారు పాఠాలు - 4: చెప్పే ముందు నిలబడి చూడండి

మూడో పాఠంలో, సలహా కోసం మనల్ని పిలిచిన కార్ఖానా యజమానితో మొదటిసారి కూర్చున్నప్పుడు ఏం అడగాలో చూశాం. ఆయన చెప్పిన సమస్యను ఆయన మాటల్లోనే రాసుకోమన్నాను. ఇవాళ ఆ పేజీని మూసి షెడ్డులోకి వెళ్దాం. ఆయన అబద్ధం చెప్పాడని కాదు. నష్టం కంటికి కనబడిన చోటునే ఎవరైనా చూపిస్తారు. అది మొదలైన చోటు వేరే ఉండొచ్చు.

పర్లాకిమిడి దగ్గర ఒక చిన్న జీడిపప్పు కార్ఖానాకు వెళ్లినప్పుడు నేను రాసుకున్న మాటలివి: "పప్పు విరిగిపోతోందమ్మా. కోసే ఆడవాళ్లకు శ్రద్ధ లేదు. ఆటోమేటిక్ మిషన్ పెట్టేద్దామనుకుంటున్నాను, ఏది మంచిదో చెప్పండి."

ఆయన బాధ నిజమే. గుండు, అంటే విరగని పప్పు ధర వేరు, రెండుగా చీలిన బద్ద ధర వేరు, ముక్క ధర ఇంకా వేరు. డబ్ల్యూ 320 రకం అంటే ఒక పౌనుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 గుండ్లు తూగేది. పప్పు విరిగిందంటే ఆ లెక్కలోంచి జారిపోయినట్టే. అయినా మిషన్ సంగతి ఆ రోజు ఎత్తలేదు. రెండు రోజులు షెడ్డులో కూర్చోనివ్వమని మాత్రం అడిగాను.

టయోటాలో తాయిచి ఓనో అనే ఇంజనీరు నేల మీద సుద్దతో సున్నా గీసి, కొత్తవాళ్లను అందులో గంటల తరబడి నిలబెట్టేవారు. అక్కడి నుంచి కదలకుండా పని జరిగే తీరు చూడాలి. మనకు సుద్ద అక్కర్లేదు గానీ ఆ ఓపిక కావాలి. వెళ్లగానే ఎందుకొచ్చారో పనివాళ్లకు మీరే చెప్పండి. చెప్పకపోతే మిమ్మల్ని చూసి టెన్షన్ పడతారు, చేతులు మామూలుగా ఆడవు. ఫోన్ సంచిలో పెట్టేయండి. వాళ్లు కింద కూర్చుంటే మీరూ కిందే కూర్చోండి.

రాసేటప్పుడు ఒకటే జాగ్రత్త. "శ్రద్ధ లేదు" అన్నది తీర్పు. "ఉడికించి కోతకు తెచ్చిన జీడి పిక్క ఇంకా వెచ్చగా ఉంది" అన్నది చూసిన సంగతి. పుస్తకంలో రెండోరకం మాటలే ఉండాలి.

ఆ వెచ్చదనం నాకు చేతికి తగిలింది. ఒకామె అరచేతులకు ఆముదం రాసుకుంది, జీడి రసం చర్మాన్ని కాల్చకుండా. ఎడమ చేత్తో పిక్కను రెండు కత్తుల మధ్య నిలబెట్టి, కాలితో పెడల్ తొక్కి, కుడి చేత్తో పిడి తిప్పి తొక్క విడదీస్తోంది. పక్కనున్న ఆమె సూదితో పప్పును బయటికి తీస్తోంది. పప్పు తొక్కకు అతుక్కుని ఉంది. సూది గుచ్చి లాగితే సగం వచ్చింది, సగం లోపలే ఉండిపోయింది. వాళ్ల చేతుల్లో అశ్రద్ధ నాకెక్కడా కనబడలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అడిగాను, ఎప్పుడూ ఇంతేనా అని. పెద్దావిడ చెప్పింది: "సోమారం పిక్క వొదులుగుంటాదమ్మా. మిగతా రోజులే ఇలగ."

ఆ ఒక్క మాటలోనే జవాబుంది. శనివారం ఉడికించిన పిక్క ఆదివారమంతా ఆరి, సోమవారం కోతకొస్తుంది. మిగతా రోజుల్లో పొద్దున ఆవిరిలోంచి దింపిన పిక్క మధ్యాహ్నానికే కత్తి కిందికొస్తుంది. ఉడికిన పిక్క పూర్తిగా చల్లారితేనే పప్పు తొక్కను వదులుతుంది. ఒక రాత్రయినా ఆరనివ్వాలి.

ఇక్కడ ఆగిపోతే సగం పనే అయినట్టు. ఎందుకని అడుగుతూ వెళ్లాలి. రాత్రి ఎందుకు ఆరబెట్టట్లేదు? పరచడానికి చోటు లేదు. చోటెందుకు లేదు? వెనక షెడ్డు నిండా జీడి తొక్క కుప్పలు. అవెందుకున్నాయి? నూనె తీసేవాళ్లకు అమ్మే తొక్క అది, లారీ నిండితే గానీ కొనేవాడు రాడు. అంటే పప్పు విరగడానికి మూలం కోసేవాళ్ల చేతుల్లో లేదు, తొక్క అమ్మకం ఏర్పాటులో ఉంది. 1950లో జపాన్‌లో నాణ్యత మీద పాఠాలు చెప్పిన అమెరికా గణాంక నిపుణుడు డెమింగ్, పనిలో వచ్చే తేడాల్లో నూటికి 94 పాళ్లు వ్యవస్థవేనని తర్వాతి కాలంలో అంచనా కట్టారు. ఆ అంకె ప్రతిచోటా సరిగ్గా సరిపోతుందని నేననను. కానీ పనివాళ్ల మీద నేరం మోపే ముందు దాన్ని గుర్తు చేసుకోవడం మన వృత్తిలో కనీస న్యాయం.

మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఇంకో సంగతుంది. యజమాని తెలుగు, మేస్త్రీ ఒడియా, కొండల నుంచి వచ్చే ఆడవాళ్లది సవర. మేస్త్రీ నోట విన్నదే విని వచ్చేస్తే అసలు మాట మధ్యలోనే రాలిపోతుంది. ఇదే పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు రాశారు. మనం అంత చేయలేం. ఆరబెట్టడం, విరగడం, నొప్పి, చాలు, వద్దు లాంటి పది మాటలు నేర్చుకున్నా వాళ్లు మన వైపు తిరిగి మాట్లాడతారు.

ఇక యజమానికి చెప్పడం. "మీరనుకున్నది తప్పు" అని మొదలుపెట్టకండి. ఒకే బస్తాలోని పిక్కను రెండు వాటాలు చేయించాను. ఒకటి ఆరోజే కోత, ఇంకొకటి రాత్రంతా ఆరాక. రెండిట్లో గుండ్లు ఎన్ని తూగాయో ఆయన కాటా మీద ఆయన చేతే తూయించాను. నేను నోరు విప్పే అవసరం రాలేదు. సోమవారం సంగతి చెప్పినావిడను ముందే అడిగి, ఆమె సరేనన్నాకే ఎవరు చెప్పారో ఆయనకు చెప్పాను. అడక్కుండా పేరు బయటపెడితే రేపు ఆమె కూలికి ముప్పు రావచ్చు. ఇందులో సర్దుబాటు లేదు.

మిషన్ అమ్మేవాళ్ల దగ్గర కమీషన్ తీసుకోకూడదన్నది కూడా అలాంటిదే. తీసుకున్న రోజు నుంచి మన కంటికి ప్రతి షెడ్డులోనూ మిషన్ కొరతే కనబడుతుంది.

ఈ వారం అభ్యాసం: మీకు తెలిసిన రైస్ మిల్లో, టైలరింగ్ షాపో, బేకరీనో అడిగి మూడు గంటలు ఒకేచోట కూర్చోండి. సలహా ఒక్కటీ ఇవ్వకండి. చూసినవి ఇరవై వాక్యాలు రాయండి. ఇంటికొచ్చాక వాటిలో తీర్పుగా ఉన్నవి ఎర్ర సిరాతో కొట్టేయండి. మిగిలిన వాటిలో ఒకదాన్ని పట్టుకుని, మర్నాడు వెళ్లి ఆ పని చేసేవాళ్లనే ఎందుకని అడగండి. ఆ కాగితం పారేయకండి. దాని మీదే అయిదో పాఠంలో లెక్కలు వేస్తాం.