పాస్టర్ గారికి వయసైపోయిందా? తర్వాతి సేవకుణ్ణి సంఘమే ఎలా తయారు చేసుకోవాలి

మన సిక్కోలు, విజయనగరం పల్లెల్లో చాలా సంఘాల్లో అయ్యగారికి డెబ్భై దాటిపోయింది, మోకాళ్ళు పట్టేసి కుర్చీలో కూర్చునే వాక్యం చెప్తున్నారు, పొద్దున ఒక ఊళ్ళో ఆరాధన అయ్యాక మళ్ళీ ఆటో ఎక్కి ఇంకో ఊరు. కుర్రాళ్ళేమో ఇంటర్ అవ్వగానే వైజాగో చెన్నైయో హైదరాబాదో. ఆయన మంచాన పడ్డాక చూద్దాంలే అంటే అప్పటికి నేర్పే మనిషే ఉండడు.

ముందు ఇల్లు సంగతి తేల్చండి. పెద్దాయన దిగట్లేదంటే పదవి మీద ఆశ అనుకోకండి, మందిరం పక్కనున్న ఆ రెండు గదులు తప్ప చాలామందికి వేరే నీడ లేదు, దిగితే పాస్టరమ్మ గారిని తీసుకుని ఎక్కడికి పోతారు చెప్పండి. అందుకే సంఘ పెద్దలు కూర్చుని, వాళ్ళిద్దరూ బతికున్నన్నాళ్ళూ ఉండడానికి చోటు, నెలకి ఇంత అని మినిట్స్ బుక్కులో రాసి సంతకాలు పెట్టండి, నోటి మాట వద్దు. దేవుని గుడారంలో సేవ చేసే లేవీయులు 50 ఏళ్ళకి పని మానినా సహోదరులకి సాయంగా ఉండాలని బైబిల్లో సంఖ్యాకాండం 8వ అధ్యాయంలో ఉంది కదా, పెద్దాయన్ని కూడా అలాగే ఉంచుకోవాలి.

తర్వాత మనిషి. మైకు పట్టుకుని బాగా పాడుతున్నాడని ఎంచకండి. ఎవరింట్లో జ్వరమొచ్చినా పిలవకుండా వెళ్ళేవాడు, సండే స్కూల్ పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చుట్టూ చేరేవాడు ఎవరో మీ స్త్రీల సమాజం వాళ్ళని అడగండి, వాళ్ళకి తెలుస్తుంది. సీతంపేట వైపు కొండ ఊళ్ళలో సేవ ఉంటే సవర భాష వచ్చిన కుర్రాడే కావాలి.

ఆ కుర్రాడి అమ్మానాన్నా అడిగేది ఒకటే, వీడు ఎలా బతుకుతాడు అని. ఆ ప్రశ్న తప్పు కాదు, ప్రార్థన చేద్దాం అని దాటేయకండి. కానుకలు ఎంతొచ్చినా రాకపోయినా నెలకి ఇంత ఇస్తామని చెప్పండి, అటల్ పెన్షన్ యోజనలో చేర్చి ఆ వాయిదా సంఘమే కట్టండి. 18 నుంచి 40 ఏళ్ళ లోపు చేరాలి, ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాళ్ళకి ఉండదు. 60 తర్వాత నెలకి 5,000 రావాలంటే 18లో చేరితే నెలకి 210 రూపాయలు, 40లో అయితే 1,454. ఇప్పుడున్న పెద్దాయనకి ఎవరూ ఈ పని చేయలేదు, కనీసం ఇతనికైనా చేద్దాం.

చదువుకి హైదరాబాద్ ఆంధ్రా క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ ఉంది, ఇల్లు వదల్లేనివాళ్ళకి, థియాలజీ డిగ్రీలిచ్చే సేరంపూర్ సెనేట్ వాళ్ళ దూరవిద్య కోర్సులున్నాయి. కానీ అసలు చదువు పెద్దాయన వెనకాలే. చావింటికి వెళ్ళినప్పుడు ముందు ఎవరి దగ్గర కూర్చోవాలి, విడిపోయిన అన్నదమ్ముల ఇళ్ళలో మొదట ఏ గడప తొక్కాలి, బాప్తిస్మం రిజిస్టర్లో పేరుండి చెన్నై వెళ్ళిపోయినోళ్ళ పిల్లలెవరు, ఇవన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. ఆదివారం సాయంత్రం ఇద్దర్నీ కూర్చోబెట్టి ఇంటింటికీ ఒక పేజీ రాయించండి.

కాగితాలు రెండు మర్చిపోవద్దు. మందిరం పట్టా ఎవరి పేరు మీద ఉందో చూడండి, పాస్టర్ గారి సొంత పేరు మీదుంటే రేపు వారసులతో గొడవ, ఆయన ఉండగానే లాయర్ని అడిగి సంఘం పేరుకి మార్పించండి. రెండోది పెళ్ళిళ్ళు చేయించే లైసెన్స్, 1872 క్రిస్టియన్ మ్యారేజ్ యాక్ట్ కింద అది ఆ పాస్టర్ గారికే, సంఘానికి కాదు, కొత్తాయన మళ్ళీ అప్లై చేసుకోవాలి. అది చేతికి రావడానికి టైం పడుతుంది కాబట్టి అభిషేకం అవ్వగానే పెట్టించండి, ఈలోపు పెళ్ళిళ్ళు పెద్దాయనే చేస్తారు.