ఉత్తరాంధ్రలో ముత్తాతల వివరాలు వెతికే ముందు

లైబ్రరీకి బయల్దేరే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఇంటిపేరు, ఊరు, పాత తాలూకా రాసుకోండి. మామ్మ 'పెద్ద తుఫాను వచ్చిన ఏడాది' అంటే అలాగే రాయండి, సొంతంగా సంవత్సరం వెయ్యొద్దు.

అసలు చిక్కు జిల్లాలతోనే. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం 1979లో వచ్చాయి. 1950కి ముందువి విశాఖపట్నం జిల్లా పేరు మీద వెతకాలి. ఇప్పటి విజయనగరం వైపు ఊళ్లయితే 1950 నుంచి 1979 దాకా కొన్ని విశాఖపట్నంలో, కొన్ని శ్రీకాకుళంలో ఉండేవి. శ్రీకాకుళం, ఇచ్ఛాపురం వైపు వాళ్లయితే 1936కు ముందు గంజాం జిల్లా. 1953 దాకా ఇదంతా మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి, పాత ప్రభుత్వ రికార్డులుండే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌నీ లెక్కలో పెట్టుకోండి.

ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత ఇంగ్లిష్ పుస్తకాలు వెతికేటప్పుడు శ్రీకాకుళం అని కొడితే లాభం లేదు, ఇంగ్లిష్ అక్షరాల్లో దాని పాత పేరు 'చికాకోల్' (Chicacole) అని కొట్టాలి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో ఈసీలు (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే పత్రాలు) 1983 నుంచే. అంతకుముందువాటికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాల్సిందే.

శ్రీకాకుళంలో కథానిలయం లైబ్రరీ తప్పక చూడండి. కానీ అక్కడుండేవి కథలు, పత్రికలు. మీ వంశవృక్షం కాదు.

ఇంట్లో పాత దస్తావేజు ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి, ఆ ఫొటోనే పట్టుకెళ్లండి. చిరిగిన మడతకి టేపు మాత్రం వెయ్యకండి. తాతగారి కాగితానికి నేను వేశాను. ఇప్పుడు సరిగ్గా సర్వే నంబరు మీదే పసుపు మరక.